100 గజాల్లో గ్రూపు చెడిపోయింది, తూటాలు ఇంట్లోనే చేసుకోవడం మొదలెట్టాలా?

ప్లేనో_రాజు
డాలస్ పక్కన ఉంటాను. నిరుడు .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. తక్కువ ధర రకం, ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించే దగ్గర్నుంచి బ్యారెల్ కింద దాకా ఉండే పిడి). కొత్తలో 150 గ్రెయిన్ల ఫ్యాక్టరీ తూటాలతో 100 గజాల్లో మూడు షాట్ల గ్రూపు, అంటే కాగితం మీద తూటా కన్నాల గుంపు, అంగుళంలో పడేది. ఈ వేసవి నుంచి అదే రైఫిల్, అదే స్కోప్, మూడు అంగుళాలకు తగ్గట్లేదు. ఒక్కోసారి నాలుగు. అప్పటి తూటాల లాటు (ఫ్యాక్టరీలో ఒకేసారి చేసిన బ్యాచ్) ఇప్పుడు దొరకట్లేదు, వేరే లాటు వాడుతున్నా. 20 తూటాల పెట్టెకి 40 డాలర్ల దాకా పోస్తున్నా.

రేంజ్‌లో ఒక పెద్దాయన "నీ రైఫిల్‌కి సరిపోయే తూటా నువ్వే చేసుకోవాలి" అన్నాడు. తూటాలు నొక్కే ప్రెస్, అందులో పెట్టే డైలు (అచ్చులు), త్రాసు కలిపి 450 డాలర్ల కిట్ కార్టులో పెట్టి మూడు రోజులైంది. నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ మొదలు. అప్పటికి నేర్చుకోగలనా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, మా ఆవిడకి ఈ పని ఇంట్లో పెట్టడం ఇష్టం లేదు. గురి మీద నమ్మకం లేకుండా ఒక జంతువు మీద ట్రిగ్గర్ నొక్కలేను. అందుకే అడుగుతున్నా.

తుపాకి_రాముడు
కొనెయ్ బ్రో. 2016 నుంచి నావి నేనే చేసుకుంటున్నా. ఫ్యాక్టరీ తూటా మళ్లీ ముట్టుకోలేదు. ఖర్చు సగం, గ్రూపు కూడా సగం.

హ్యూస్టన్_సుబ్బు
సగం ఖర్చు అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. నేను నోటుబుక్కులో లెక్క రాసుకున్నా. కిట్ అయ్యాక క్యాలిపర్, కేసులు (తూటా ఇత్తడి గుల్లలు) తోమే యంత్రం, కేసు పొడవు కోసే కట్టర్, లోడింగ్ పుస్తకాలు రెండు. 450 కాస్తా 800 దాటింది. 2020 తర్వాత ప్రైమర్లు (పౌడర్‌ని అంటించే చిన్న బిళ్లలు) దొరకని రోజుల్లో ఏడాది పాటు ఆ సామాను గరాజ్‌లో దుప్పటి కింద పడుకుంది. ఏడాదికి నాలుగు పెట్టెలు కాల్చేవాడికి ఇది గిట్టుబాటు కాదు.

తుపాకి_రాముడు
నెలకి నాలుగు పెట్టెలు కాల్చేవాడికి గిట్టుతుంది.

గురిగింజ
రాజు తమ్ముడూ, ఆ కిట్ కొనకముందు కొన్ని అడగాలి.

అంగుళం పడిన గ్రూపులు ఎన్ని? మూడేసి షాట్ల గ్రూపు ఒకటి రెండు బాగా రావడం అదృష్టం కూడా కావచ్చు. పది షాట్లు ఒకే కాగితం మీద కాలిస్తేనే రైఫిల్ అసలు గుణం తెలుస్తుంది. ఇప్పుడు షాట్లు ఎటు చెదురుతున్నాయి, పక్కలకా, కిందా మీదా? స్కోప్ బేస్ మరలు, రింగుల మరలు ఎప్పుడు బిగించావు? స్టాక్‌ని యాక్షన్‌కి (తూటా ఎక్కించి పేల్చే ఇనప భాగానికి) పట్టి ఉంచే మరలు? బ్యారెల్ చల్లారనిస్తున్నావా? నిరుటికీ ఇప్పటికీ నువ్వు కొత్తగా తగిలించిన వస్తువు ఏదైనా ఉందా?

లాటు మారితే గ్రూపు కొంచెం మారుతుంది, తగిలే చోటు జరుగుతుంది. ఒక అంగుళం మూడు కావడానికి లాటు ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. రోగం ఎక్కడుందో చూడకుండా మందు మార్చినట్టు అవుతుంది.

శ్రీకాకుళం_చిన్నోడు
మందు మార్చడం అంటే ఇక్కడ నిజంగా తుపాకి మందే కదా అన్నా.

ఒహాయో_కిరణ్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. హెచ్1బి మీద ఉన్నవాళ్లు అసలు రైఫిల్ కొనొచ్చా? మా ఆఫీసులో ఒకరు కుదరదు అన్నారు, ఇంకొకరు కొనేశారు.

బ్రజోస్_బాబాయ్
కిరణ్, ఇది అందరూ చదవాల్సిన విషయం, కాస్త పొడవుగానే రాస్తా.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 అన్నీ ఇందులోకే వస్తాయి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనవాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు. షాపులో 4473 ఫారం నింపేటప్పుడు వీసా సంగతి అడుగుతారు, అక్కడ తప్పు రాస్తే అదే పెద్ద నేరం. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ చిక్కు లేదు.

ఇక టెక్సాస్ వాళ్లు జారిపడే చోటు చెప్తాను. ఇక్కడ వేట లైసెన్సు ఏ రోజు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. ఆగస్టు 15 నుంచే కొత్తది అమ్ముతారు. సెప్టెంబరు 1న నీ అల్మారాలో రైఫిల్ ఉండి, జేబులో పాత లైసెన్సు ఉంటే నీ మినహాయింపు పోయినట్టే. ఇంకోటి, 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులని కొట్టడానికి టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదు. అది రాష్ట్రం మాట. హెచ్1బి వాడు ఆ మాట నమ్మి లైసెన్సు లేకుండా వెళ్తే ఫెడరల్ చట్టం దగ్గర దొరికిపోతాడు. పంది కోసం కాకపోయినా మీ కోసం లైసెన్సు కొనండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి వేట శిక్షణ సర్టిఫికెట్ కూడా ఉండాలి.

ఒహాయో_కిరణ్
రేంజ్‌లో స్నేహితుడి రైఫిల్ ఊరికే రెండు షాట్లు కాల్చినా?

బ్రజోస్_బాబాయ్
చేతిలో పట్టుకున్నా చట్టం దృష్టిలో నీ దగ్గర ఉన్నట్టే. రేంజ్ వాళ్లు అడగకపోవచ్చు. వాళ్లు అడగలేదు కదా అన్నది నీ ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) అప్పుడు పనికిరాదు. రాజు చేయబోయే పనికీ ఇదే వర్తిస్తుంది. చట్టంలో అమ్యూనిషన్ అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు, కేసు, ప్రైమర్, బుల్లెట్ (తూటా ముందు ఉండి ఎగిరే గుండు), పౌడర్ విడివిడిగా కూడా.

ప్లేనో_రాజు
బాబాయ్, చెయ్యెత్తి దండం పెడుతున్నా. నేను హెచ్1బి. మీరు రాసింది చదివి పర్సు తీసి చూస్తే నాది పోయిన నెలాఖరుతో అయిపోయింది. ఇప్పుడే ఆన్‌లైన్‌లో కొత్తది కొన్నా. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

బ్రజోస్_బాబాయ్
మంచి పని చేశావు. మధ్యలో గడిచిన రోజుల గురించి మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడుగు. ఇక్కడ ఇంకేం రాయకు.

కరివేపాకు_రెమ్మ
ఈ తూటాలు చేసే మనిషి భార్యని నేను. రాజు గారి ఆవిడ తరఫున నాలుగు మాటలు.

మావారు మొదట్లో డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని చేసేవారు. కాల్చిన కేసుల్లోంచి పాత ప్రైమర్ తీసినప్పుడు రాలే నల్లటి పొడిలో సీసం ఉంటుంది. కేసులు తోమే యంత్రంలో లేచే దుమ్ములోనూ ఉంటుంది. మా బాబు అప్పుడు పాకే వయసు. డాక్టరు మామూలుగా చేసే సీసం పరీక్షలో అంకె కొంచెం ఎక్కువ వచ్చింది. అది దీనివల్లే అని ఎవరూ తేల్చి చెప్పలేదు. కానీ ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మర్నాటికల్లా సామానంతా గరాజ్‌లోకి పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో నియమాలు ఇవి. ఆ గదికి వేరే చెప్పులు, వేరే చొక్కా. అక్కడ కాఫీ కూడా తాగకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లాడిని ఎత్తుకోవాలి. యంత్రం ఇంట్లో తిప్పకూడదు. పౌడరు, ప్రైమర్లు తాళం వేసిన అల్మారాలో, వాటి అసలు డబ్బాల్లోనే. నాలుగేళ్ల పాప ఉంది అంటున్నారు. గరాజ్‌లో తాళం పడే చోటు లేకపోతే కిట్ కొనకండి రాజు గారూ.

తుపాకి_రాముడు
అక్కయ్యా, మీ ఆయన అదృష్టవంతుడు. నేను గరాజ్‌లోనే చేస్తా కానీ చెప్పుల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. రేపటి నుంచి పాటిస్తా.

పది_మీటర్లు
హైదరాబాద్ నుంచి. నేను వేటగాడిని కాదు, ఎయిర్ రైఫిల్. మా ఆటలో పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 60 షాట్లు, 75 నిమిషాలు. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చాక మా ఊళ్లో ఈ ఆటకి పిల్లలు క్యూ కట్టారు. నేనూ అప్పుడే మొదలెట్టా, కాస్త పెద్ద వయసులో.

మేమూ పెల్లెట్ల (ఎయిర్ రైఫిల్ గుళ్ల) మీద పడతాం. తల కొలత 4.49 మిల్లీమీటర్లా 4.50నా అని డబ్బాలు మార్చి మార్చి చూస్తాం. రైఫిల్‌ని వైస్‌లో బిగించి పెల్లెట్ పరీక్ష చేసినప్పుడు నాకు అర్థమైంది, నా పెల్లెట్లన్నీ ఒకే కన్నంలోకి వెళ్తున్నాయి. చెదిరేది నేను. కోచ్ నెల రోజులు ఖాళీ షాట్లు (లోపల ఏమీ పెట్టకుండా ట్రిగ్గర్ నొక్కడం) మాత్రమే కొట్టించారు. ట్రిగ్గర్ నొక్కాక కూడా ఒక క్షణం గురి వదలకుండా ఉండటం అప్పుడు వచ్చింది. రాజు గారూ, రోజూ ఇంట్లో ఇరవై ఖాళీ షాట్లు కొట్టండి. తూటా లేదని మూడుసార్లు చూసుకుని, గట్టి గోడ వైపు పెట్టి.

హ్యూస్టన్_సుబ్బు
.308కి ఖాళీ షాట్ కొడితే ఏం కాదు. .22 రిమ్‌ఫైర్ (పిన్ను తూటా అంచుకి కొట్టే రకం) ఉన్నవాళ్లు మాత్రం చూసుకోండి, పిన్ను వెళ్లి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచుకి తగిలి గాటు పడుతుంది.

శ్రీకాకుళం_చిన్నోడు
పది మీటర్లు గారూ, మన దగ్గర ఇంట్లో తూటాలు చేసుకోవచ్చా?

పది_మీటర్లు
కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీకి లైసెన్సు ఉండాలి. తుపాకి లైసెన్సు ఉంటే తూటా చేసుకునే హక్కు వచ్చేయదు. 4.5 మిల్లీమీటర్లు దాటని, 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు కాబట్టే మాలాంటి వాళ్లం ఆడగలుగుతున్నాం.

శ్రీకాకుళం_చిన్నోడు
మా తాత దగ్గర లైసెన్సు ఉన్న మూతి తుపాకి ఉండేది. గొట్టంలో మందు దట్టించి, గుళ్లు వేసి, గుడ్డపీలిక కుక్కేవాడు. నల్ల మందు. పంట మీద పందులు పడితే చప్పుడుకి ఒకటి పేల్చేవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అన్న మాటే ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. తాత ఒక మాట చెప్పేవాడు, కొలత చిప్పతో పొయ్యాలి గానీ కంటితో పొయ్యకూడదు అని.

గురిగింజ
చిన్నోడా, తాతగారి మాట బంగారం. మూతి తుపాకులు ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. నల్ల మందు వేరు, ఇప్పటి పొగ లేని పౌడరు వేరు. నల్ల మందు పోసే తుపాకిలో అదే కొలతకి ఈ పౌడరు పోస్తే గొట్టం పగిలిపోతుంది.

కొలత మాట వచ్చింది కాబట్టి నా పేరు సంగతి చెప్తాను. మాది కంసాలి ఇల్లు. మా నాన్న చిన్న త్రాసులో గురిగింజలు వేసి బంగారం తూచేవాడు. నేను ఇక్కడ గరాజ్‌లో పౌడర్ తూచుతుంటే ఆయనే గుర్తొస్తాడు. గ్రెయిన్ అంటే ఎంత అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే గురిగింజలో సగం. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. 180 గ్రెయిన్ల బుల్లెట్ వాడేవాళ్లు తులం సీసం, రాగి పంపిస్తున్నట్టు లెక్క.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కాల్చిన కేసుని డైలోకి నొక్కి కొలతకి తేవాలి, పాత ప్రైమర్ ఊడుతుంది. పొడవు చూసుకోవాలి, పెరిగితే కోయాలి. కొత్త ప్రైమర్, తూచిన పౌడర్, పైన బుల్లెట్. ఒక్కో దాంట్లో నెమ్మది కావాలి. ఏ బుల్లెట్‌కి ఏ పౌడర్ ఎంత అన్నది కంపెనీ పుస్తకంలోంచే తీసుకోవాలి. ఆ పుస్తకంలో మొదలుపెట్టే కొలత ఒకటి, దాటకూడని కొలత ఒకటి ఉంటాయి. కిందనుంచి మొదలుపెట్టి ప్రతి అడుగులో కేసు, ప్రైమర్ ఎలా ఉన్నాయో చూస్తూ పైకి రావాలి. అందుకే ఇక్కడ నేనెప్పుడూ అంకె చెప్పను, ఇంకెవరైనా చెప్పినా వాడొద్దు. నా రైఫిల్ ఛాంబర్ వేరు, నీది వేరు. బల్ల మీద ఒక్క డబ్బా పౌడరే ఉండాలి. రెండోది కనపడితే పని ఆపెయ్యాలి.

ఈ పని నాకు ప్రాణం. అయినా రాజుకి ఇప్పుడు వద్దనే చెప్తున్నా. సీజన్‌కి ఆరువారాలు ఉందని తొందరపడి నేర్చుకునే పని కాదు.

తుపాకి_రాముడు
నేను ఒక్క శనివారంలో నేర్చుకున్నా. భయపెట్టకండి అన్నా.

హ్యూస్టన్_సుబ్బు
నేనూ ఒక్క శనివారంలోనే నేర్చుకున్నా. ఆ తర్వాత మూడో నెలలో జరిగింది చెప్తా. ట్రేలో 50 కేసులు, పౌడర్ పోస్తున్నా. గుంటూరు నుంచి అమ్మ ఫోన్. పది నిమిషాలు మాట్లాడి వచ్చి ఎక్కడ ఆపానో అక్కడే మొదలెట్టాను అనుకున్నా. బుల్లెట్లు పెట్టబోయే ముందు టార్చి వేసి చూస్తే రెండు కేసులు ఖాళీ. పెట్టేసి ఉంటే ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కునేది. చప్పుడు చిన్నగా వచ్చిందని గమనించక ఇంకో తూటా కాలిస్తే ఏమవుతుందో తెలుసు కదా. అప్పటి నుంచి ఫోను ఇంట్లో వదిలేసి గరాజ్‌లోకి వెళ్తా. అమ్మకి కూడా చెప్పా, శనివారం పొద్దున చెయ్యొద్దని.

తుపాకి_రాముడు
ఇది ఒప్పుకుంటా. టార్చి నేనూ వేస్తా.

సాన్‌హోసే_వాసు
అసలు జింకని ఎందుకు చంపాలి? కాగితం మీద కాల్చుకుంటే సరిపోదా? నేను టార్గెట్ షూటింగ్ చేస్తా, అక్కడితో ఆగుతా.

బ్రజోస్_బాబాయ్
వాసూ, నీ మాటకి గౌరవం ఉంది. నేను తింటాను కాబట్టి కొడతాను. కొన్న మాంసం కూడా ఎవరో చంపిందే. ఇంట్లోకి ఎక్కువైన సంవత్సరం హంటర్స్ ఫర్ ది హంగ్రీ వాళ్లకి ఇస్తే ఆకలితో ఉన్నవాళ్లకి చేరుతుంది. రాజు అడిగిందాంట్లో నాకు నచ్చింది, గురి కుదరకపోతే కొట్టను అనడం. జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు 8 అంగుళాలు. 100 గజాల్లో మూడు అంగుళాల గ్రూపు 200లో ఆరు, 300లో తొమ్మిది. నీకు ఒక్కోసారి నాలుగు పడుతోంది, అది 200లోనే ఎనిమిది. అంటే నీ ఈ గ్రూపుతో వంద లోపు అయితే కొట్టొచ్చు, ఆ పైన వదిలెయ్యాలి. గాయపడ్డ జింక రక్తం జాడ పట్టుకుని రాత్రి పదకొండింటి దాకా వెతికాను ఒకసారి. దొరకలేదు. ఆ తర్వాత 150 గజాలు దాటి నేను ట్రిగ్గర్ నొక్కలేదు.

సాన్‌హోసే_వాసు
నేను చెయ్యలేను గానీ, ఆ 150 గజాల గీత అర్థమైంది. మా కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం తూటాలు వాడకూడదు, రాగి లాంటి సీసం లేనివే. సీసం ముక్కలు మిగిలిన కళేబరాలు తిని కాండార్ రాబందులు చచ్చిపోయేవి. ఆ నియమం వచ్చినందుకు సంతోషం.

ప్లేనో_రాజు
గురిగింజ అన్నా, మీరు అడిగినవన్నీ ఈ వారాంతం చూశాను. స్కోప్ మరలు టార్క్ రెంచితో చూశా, గట్టిగానే ఉన్నాయి. స్టాక్ మరలు కూడా. షాట్లు కిందా మీదా చెదురుతున్నాయి. కొత్తగా పెట్టింది ఒకటుంది, మే నెలలో బైపాడ్ (స్టాక్ ముందు భాగానికి తగిలించే రెండు కాళ్ల స్టాండు) కొన్నా. దానివల్ల ఇంకా స్థిరంగా ఉండాలి కదా?

గురిగింజ
దొరికింది అనుకుంటున్నా. రైఫిల్ ఖాళీ చెయ్యి. బైపాడ్ మీద నిలబెట్టు. కాల్చేటప్పుడు ఎంత బరువు వేస్తావో అంత ముందుకి వాలు. ఇంకొకరిని ఒక నోటు తీసుకుని బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ముందు నుంచి వెనక్కి లాగమను. ఎక్కడైనా పడుతుందేమో చూడు.

ప్లేనో_రాజు
పర్సులో డాలరు నోటు లేదు, పాత పది రూపాయల నోటు ఉంది. మా ఆవిడే లాగింది. నేను వాలనప్పుడు సాఫీగా పోయింది. వాలగానే ఇరుక్కుపోయింది. ఆ మెత్తటి ప్లాస్టిక్ వంగి బ్యారెల్‌కి తగులుతోంది!

పది_మీటర్లు
ఆ పది రూపాయల నోటు ఫ్రేము కట్టించండి.

హ్యూస్టన్_సుబ్బు
తేలికపాటి ప్లాస్టిక్ స్టాకుల్లో ఇది చాలా చూశా. ఒక్కో షాట్‌కి నువ్వు వాలే బరువు మారుతుంది, బ్యారెల్ మీద ఒత్తిడి మారుతుంది, తగిలే చోటూ మారుతుంది.

ప్లేనో_రాజు
రేంజ్ నుంచి వచ్చి రాస్తున్నా. బైపాడ్ తీసేశా. మా ఆవిడ పాత జీన్స్ కాలు కత్తిరించి ఇసుక పోసి సంచి కుట్టింది, దాన్ని మ్యాగజీన్‌కి (రైఫిల్ కింద తూటాలు పెట్టే డబ్బాకి) కొంచెం ముందు పెట్టా. షాట్‌కీ షాట్‌కీ మధ్య రెండు నిమిషాలు ఆగా. నేను తిట్టుకున్న ఆ లాటు తూటాలే, పది షాట్లు ఒకే కాగితం మీద. 1.6 అంగుళాలు. ఏడింటిని బొటనవేలితో కప్పేయొచ్చు.

కార్టులోంచి కిట్ తీసేశా. 450 డాలర్లలో నాలుగు పెట్టెలు ఇదే లాటువి కొని పెట్టుకున్నా.

బ్రజోస్_బాబాయ్
పది షాట్లకి 1.6 అంటే అది నిజమైన అంకె. నవంబర్‌లో మా కొండ దగ్గరికి రా, చోటు చూపిస్తా. లైసెన్సుతో.

తుపాకి_రాముడు
మంచిదే, కానీ అదే రైఫిల్‌కి సొంత తూటాతో అంగుళం లోపు వస్తుంది అని ఇప్పటికీ అంటా.

గురిగింజ
రావచ్చు రాముడూ, కాదనను. రాజూ, సీజన్ అయ్యాక జనవరిలో ఒక ఆదివారం మా గరాజ్‌కి రా. మొదటి రోజు చూడటమే, ఏదీ ముట్టుకోకు. రెండోసారి కేసులు కొలవడం నేర్పిస్తా. నచ్చితే అప్పుడు కొందువు. కాల్చిన కేసులు మాత్రం పారెయ్యకు, దాచు.

కరివేపాకు_రెమ్మ
ఆవిడని కూడా తీసుకురండి రాజు గారూ. సంచి కుట్టిన మనిషికి సగం పని వచ్చినట్టే.

శ్రీకాకుళం_చిన్నోడు
రాజు అన్నా, ఆ బైపాడ్ అమ్ముతావా?

ప్లేనో_రాజు
అమ్ముతా. నీ రైఫిల్ స్టాక్ చెక్కదా, ప్లాస్టిక్‌దా? ప్లాస్టిక్ అయితే ముందు నోటు పెట్టి చూసి మెసేజ్ చెయ్యి.